శనివారం కాగితం రాసింది నేనే

ఏడేళ్ళుగా ఒక మాటను మింగలేక కక్కలేక ఉన్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. పొద్దున ఏం వండినామో కూడా రాసుకుంటాను. ఈ ఒక్క సంగతి మాత్రం నా డైరీలో కూడా పూర్తిగా లేదు. ఆ వారం పేజీల నిండా సగం సగం వాక్యాలు, కొట్టివేతలు. ఎవరో చూస్తారని కాదు. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. నేనే మళ్ళీ చదువుకుంటానేమో అని భయం.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. ఎదురుగా మనిషి కూర్చుంటే నా నోరు పెగలదు.

ముందే ఒకటి చెప్పేస్తాను. నేను చేసింది పొరపాటున జరిగింది కాదు. పగ. ఎవడి మీద పగ తీర్చుకున్నానో వాడంటే నాకు ఈ రోజుకీ జాలి లేదు. చదువుతూ చదువుతూ వాడి గొంతు మధ్యలో ఆగిపోయిన ఆ క్షణం గుర్తొస్తే నా కడుపులో ఇప్పటికీ చల్లగా అవుతుంది. సిగ్గుపడాల్సిన సంగతే. అయినా చల్లగా అవుతుంది. నా నిద్ర చెడిపోయింది వాడి వల్ల కాదు. ఆ పగకు నేను ఎవరి బతుకును వాడుకున్నానో ఆమె వల్ల, ఆ తర్వాత తప్పును ఎవరి నెత్తిన పెట్టినానో ఆ ఇంకొకామె వల్ల.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. కోరమండల్‌లో అంటే కోలారు బంగారు గనుల దగ్గర, పాత గని కార్మికుల లైన్లలో మా ఇల్లు. అక్కడి నుంచి రాబర్ట్‌సన్‌పేటకు వచ్చి ఒక లైబ్రరీలో టెంపరరీగా పని చేసేదాన్ని. ఏ లైబ్రరీయో చెప్పను. పొద్దున పేపర్లు సర్దడం, పుస్తకాలకు నంబర్లు వెయ్యడం, చిరిగినవాటికి అట్టలు అంటించడం నా పని. మాట్లాడాల్సిన పని తక్కువ. అందుకే నాకు ఆ ఉద్యోగం ఎంతో నచ్చింది.

అక్కడ పెద్ద ఆమె మేడం. కోలారు వైపు మనిషి, కన్నడ ఆమె, తెలుగు కూడా బాగానే మాట్లాడేది. నన్ను "హుడుగీ" అనేది, అంటే పిల్లా అని. పైకి చూస్తే మామూలు లైబ్రేరియన్. కానీ ఆ లైబ్రరీ వెనక గదిలో మేడం ఇంకో పని చేసేది. ఎవరికీ చెప్పకుండా, బోర్డు పెట్టకుండా. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళు కొందరు వచ్చి కూర్చునేవాళ్ళు. గుమ్మం దగ్గరి రిజిస్టరులో వాళ్ళను సంతకం చెయ్యమనేది కాదు. రేపు ఎవడైనా వచ్చి, మా ఇంటామె ఎన్ని గంటలకు వచ్చిందో చూపించమంటే చూపించడానికి ఏమీ ఉండకూడదని. ఆడవాళ్ళ బాత్రూము తలుపు లోపలి వైపు సహాయం దొరికే ఫోను నంబర్లు అంటించి ఉండేవి. అక్కడ మగవాడి కన్ను పడదు. మేడం తన ఫోను వాళ్ళ చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయేది. నెలకొకసారి ఒక లాయరమ్మ మామూలు పాఠకురాలి మాదిరిగా వచ్చి పిల్లల పుస్తకాల దగ్గర కూర్చునేది.

ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో ఎవరూ అడగని పాత గెజెట్లు. ఆ గెజెట్ల వెనక ఆ ఆడవాళ్ళ కాగితాలు. ఆధార్ జెరాక్సులు, పిల్లల జనన పత్రాలు, ఆసుపత్రి చీటీలు.

చేరిన మొదటి వారమే మేడం నాకు చెప్పింది. "మనం ఇచ్చేది చోటు హుడుగీ. ఎప్పుడు బయటపడాలో వాళ్ళకు తెలుసు. తొందర పెట్టేది బేడ. వాళ్ళ కాగితం మనం చదివేది కూడా బేడ." వద్దు అనడానికి ఆమె ఎప్పుడూ బేడ అనే అనేది. నేను తల ఊపినాను.

ఆ వచ్చేవాళ్ళలో ఒకామెను సరళక్క అంటాను. అది ఆమె పేరు కాదు. ముళబాగిలు దగ్గర బైరకూరు ఆమె పుట్టిల్లు. రాగులు మిల్లులో పెట్టి వచ్చేది. మిల్లులో వరస ఎక్కువ, నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలే ఆమెవి. వెనక గదిలో కూర్చొని ఒక రెండు వందల పేజీల నోటుబుక్కులో రాసి, దాన్ని బీరువాలోనే పెట్టి పోయేది. తిరిగి వెళ్ళేటప్పుడు మిల్లు దగ్గర కొంగుకు కొంచెం పిండి అంటించుకొని మరీ ఇంటికి పోయేదంట. ఇంటికెళ్ళగానే మొగుడు కొంగు చూస్తాడు కాబట్టి.

వాళ్ళ పాప పదో తరగతి. ఆఖరి పరీక్ష అయిపోయిన రోజు బడి గేటు నుంచే పాపను తీసుకొని ముళబాగిలు బస్సెక్కాలని సరళక్క ఆలోచన. అన్న ఇంట్లో గది చూసి పెట్టినాడు. కాగితాలన్నీ బీరువాలో ఉన్నాయి. లాయరమ్మ అర్జీ రాసి ఉంచింది. పరీక్షకు ముందు కదిలితే పాప చదువు చెడుతుంది, పాపను వదిలి కదిలే ప్రశ్నే లేదు. అందుకని రోజులు లెక్కపెట్టుకుంటూ ఆ ఇంట్లోనే ఉండింది.

ఇక వాడు. వాడిని ఊరంతా మాస్టరు అనేది. లెక్కలు ట్యూషన్ చెప్పేవాడు. తెల్ల చొక్కా, నుదుటన కుంకుమ, మంచి గొంతు. ఏ సభ జరిగినా మైకు వాడి చేతిలోనే. రోజూ సాయంత్రం ఐదున్నరకు మా లైబ్రరీకి వచ్చేవాడు. పొద్దున భార్య కూర్చున్న చోటుకు సాయంత్రం భర్త. వాడికి తెలియదు. మాకు తెలుసు.

మా లైబ్రరీలో ఒక అలవాటు ఉండేది. గనులు మూతపడినాక ఖాళీగా ఉన్న పెద్దవాళ్ళు సాయంత్రం పేపర్ల బల్ల చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళది తెలుగో తమిళమో, కన్నడ అక్షరాలు రావు. కొందరికి చూపు ఆనదు. మాస్టరు కన్నడ పేపరు చూస్తూ అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి గట్టిగా చదివేవాడు. శనివారం పేపరు అయిపోయినాక ఇంకొక కాగితం చదివేవాడు. ఆ వారం వచ్చిన కొత్త పుస్తకాల గురించి మేడం నాలుగు మాటలు, ఏదో ఒక పుస్తకంలోంచి ఒక ముక్క గుర్తు పెట్టి నాకిచ్చేది. నేను దాన్ని తెల్లకాగితం మీద చక్కగా రాసి పేపరులో పెట్టేదాన్ని. పుస్తకాలు చదవనివాళ్ళు కూడా ఆ ముక్క కోసం కూర్చునేవాళ్ళు.

చదివే ముందు మాస్టరు చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టుకునేవాడు. ఆరున్నరకు ట్యూషన్ కదా, టైము చూసుకోవడానికి.

రోజూ వాడు నన్ను పలకరించేవాడు. "ఏమ్మా బుక్కులమ్మా, అన్నీ చదివేసినావా, మాకేమన్నా మిగిల్చినావా?" అని. ఎంత మర్యాదగా ఉండేదో ఆ గొంతు. పొద్దున సరళక్క మెడ మీద చూసిన మచ్చ సాయంత్రం వాడి నవ్వులో నాకు కనపడేది. నేను పళ్ళు బిగించుకొని నవ్వేదాన్ని.

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. అది సాకు కాదు, కారణం. మా నాన్న మా అమ్మను కొట్టేవాడు. లైన్లలో ఇళ్ళకు గోడలు కలిసి ఉంటాయి. ఒకింట్లో గిన్నె పడితే పక్కింట్లో వినపడుతుంది. అమ్మ ఎడమ చెవి ఎందుకు వినపడకుండా పోయిందో లైను లైనంతటికీ తెలుసు. నాకు పదహారేళ్ళప్పుడు నాన్న గుండె ఆగి చనిపోయినాడు. ఎన్ని పూలమాలలో. ఎంతమంది ఏడ్చినారో. "దేవుడట్లాంటి మనిషి" అని ఒకాయన అమ్మ ముందే అన్నాడు. అమ్మ తల వంచుకొని కూర్చుంది. నేను ఆ మనిషి నోరు చూస్తూ నిలబడినాను. జవాబు చెప్పాల్సినవాడు చెప్పకుండా తప్పించుకొని పోయినాడు, పైగా పూలతో పోయినాడు. ఆ రోజు నుంచి నా లోపల ఒకటి రగులుతూ ఉండేది. దానికి మనిషి దొరకలేదు. మాస్టరు దొరికినాడు.

నేను నోటుబుక్కు చదివినాను. బీరువా తాళం మేడం సొరుగులో ఉండేది. మొదటిసారి ఒక పేజీ. తర్వాత అంతా. సరళక్క మన తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసేది. నేను పుస్తకాల పిచ్చిదాన్ని, ఎన్నో చదివినాను. అంత నిజంగా ఉన్న రాత నేను చూడలేదు. అవును, నేను దాన్ని ఒక పుస్తకం చదివినట్టు చదివినాను. బాగున్న వాక్యాల దగ్గర ఆగి ఆగి చదివినాను. ఇది ఎంత నీచమో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

ఆఖరి పరీక్షకు పదకొండు రోజులుందనగా, ఒక శుక్రవారం, నాకొక ఆలోచన వచ్చి కూర్చుంది. సరళక్క వెళ్ళిపోతుంది. మంచిదే. కానీ వాడికేమవుతుంది? పెళ్ళాం బిడ్డను తీసుకొని లేచిపోయిందని ఊరంతా వాడి మీద జాలిపడుతుంది. వాడు ఇంకా తెల్లచొక్కా వేసుకొని అదే బల్ల దగ్గర కూర్చుంటాడు. "పాపం మాస్టరు" అంటారు. ఆ పాపం అనే మాట నేను భరించలేను. మా నాన్నకు వచ్చిన పూలమాలలు వీడికి కూడా వస్తాయి. రాకూడదు. ఆమె వెళ్ళకముందే జరగాలి.

ఆ రాత్రి డైరీలో రాసుకున్నది ఉంది. "ఆమెకేమవుతుంది?" అని ఒక వరస. దాని కింద నా అక్షరాల్లోనే, "ఏమీ కాదు. వాడు భయపడతాడు, అంతే." అంటే నాకు తోచింది. తోచలేదని చెప్పుకునే వీలు కూడా నేను మిగుల్చుకోలేదు. తోచింది, పక్కకు నెట్టినాను.

ఆ వారం మేడం గుర్తు పెట్టి ఇచ్చింది టమాట సాగు పుస్తకం. నేను పైన రెండు వరసలు టమాట గురించి రాసినాను. కింద "ఒక కొత్త కథలోంచి" అని రాసి, సరళక్క నోటుబుక్కులోంచి ఒక ముక్క ఎత్తి రాసినాను. పేర్లు లేవు. ఏ ముక్క పెట్టాలో ఎక్కువ వెతకలేదు. అన్నిటికంటే బాగా రాసిన ముక్కే పెట్టినాను.

శనివారం బల్ల దగ్గర ఏడుగురో ఎనిమిదిమందో ఉన్నారు. నేను పుస్తకాల అరల వెనక, సందులోంచి చూస్తూ నిలబడినాను. పేపరు అయిపోయింది. చూపు ఆనని ఒక తాత ఉండేవాడు, చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో ముప్పై ఏళ్ళు చేసినాడు. ఆయనే అడిగినాడు.

"ఏమప్పా మాస్టరూ, ఈ వారం కథేమన్నా ఉండాదా? మళ్ళా ఎరువుల పుస్తకమేనా?"

"కథే ఉండాది తాతా. మన బుక్కులమ్మ ముత్యాల మాదిరి రాసి పెట్టింది. వింటా వింటా నిద్రపోవద్దు."

"ఆయన నిద్రపోతే గురక కూడా మీరే తెలుగులోకి మార్చండి సార్" అన్నాడు పక్కన కూర్చున్న పాత బస్సు కండక్టరు. అందరూ నవ్వినారు. మాస్టరు కూడా నవ్వి, గొంతు సవరించుకొని మొదలుపెట్టినాడు. కథ అంటే వాడికి ఇష్టం. గొంతులో కొంచెం వణుకు కూడా తెచ్చినాడు.

"కొట్టే ముందు ఆయన వాచీ తీస్తాడు. కోపం వచ్చినోడు యాడన్నా వాచీ తీస్తాడా? తీసి పాప చేతికిస్తాడు. పట్టుకో, కింద పడేసేవు అంటాడు. పాప రెండు చేతుల్తో..."

ఆగిపోయినాడు.

"ఏమప్పా ఆపేస్తివి? పాప రెండు చేతుల్తో ఏం చేసింది?" అన్నాడు తాత.

"అక్షరాలు సరిగ్గా కనపడలేదు."

"ఇట్ల ఇయ్యండి సార్" అని కండక్టరు కాగితం అంచు పట్టుకొని లాగినాడు. మాస్టరు వదల్లేదు. కండక్టరు ఆటగా ఇంకొంచెం లాగినాడు, కాగితం చేతికొచ్చింది. ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివినాడు. "పాప రెండు చేతుల్తో పట్టుకుంటాది. అయిపోయినాక ఆయన చెయ్యి చాపుతాడు. పాప ఇస్తాది. పెట్టుకొని టైము చూసుకుంటాడు. నేను లేచి మజ్జిగ కలపాల."

చదివేసి కండక్టరు తలెత్తినాడు. బల్ల మీద మాస్టరు వాచీ ఉంది. ముందు కండక్టరు దాన్ని చూసినాడు. తర్వాత పక్కాయన చూసినాడు. తర్వాత అందరూ చూసినారు. తాతకు మాత్రం అది కనపడదు.

"ఎవుడప్పా వాడు? వాని చేతులిరగ!" అన్నాడు తాత. "అట్లాంటోడు మా షాఫ్టులో ఉండుంటే కిందనే వదిలేసి వచ్చేవాళ్ళం."

ఎవరూ నవ్వలేదు. మాస్టరు వాచీ తీసుకొని పెట్టుకోబోయినాడు. బకిలు పడలేదు. జేబులో వేసుకొని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పోయినాడు.

నేను అరల వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వినాను. ఒళ్ళంతా వణికేటట్టు నవ్వినాను. వాడి పాపాన్ని వాడి నోటితోనే, వాడు మురిసిపోయే ఆ గొంతుతోనే చదివించినాను. ఇంతకంటే మంచి శిక్ష ఏ కోర్టులో వేస్తారు అనుకున్నాను. ఆ రోజు ఇంటికి నడిచి పోతుంటే కాళ్ళు భూమికి ఆనలేదు. ఆ పది నిమిషాలు నేను నాన్నను కూడా కొట్టినాను.

వాడు అక్కడి నుంచి ఎక్కడికి పోతాడు? ఇంటికే కదా. ఇంట్లో ఎవరుంటారు? ఈ రెండు ప్రశ్నలు నాకు ఆ సాయంత్రం రాలేదు. ఆదివారం వచ్చినాయి.

మంగళవారం సరళక్క రాలేదు. బుధవారం రాలేదు. మిల్లు దాకా పోయి చూసినాను, ఆమె రాగుల డబ్బా లేదు. అప్పటికే ఆ కాగితం మాట ఊళ్ళో పాకింది, కండక్టరు వచ్చి మేడంకు విషయం చెప్పినాడు, మీ కాగితంలో ఏముండిందో చూసినారా అని. మేడం నన్ను లోపలికి పిలిచింది. 

"అది సరళ బతుకే, ఆమె పుస్తకంలోదే ఉండాలి. నీ చేతికి ఎట్లా వచ్చింది హుడుగీ?"

నిజం చెప్పే సందు అదే. నేనేం చెప్పినానో వినండి. "మీ మేజా మీదే ఉండింది మేడం. టమాట పుస్తకం కింద తెరిచి ఉండింది. మీరు గుర్తు పెట్టి ఇచ్చిన ముక్క అదే అనుకున్నాను. కథ అనుకున్నాను."

ఎంత సాఫీగా వచ్చిందో ఆ అబద్ధం. మాట పెగలనిదాన్ని, ఒక్క తొట్రుపాటు లేకుండా చెప్పినాను. శుక్రవారం పొద్దున మేడం ఆ నోటుబుక్కు సరళక్క కోసం నిజంగానే బయటికి తీసింది. మళ్ళీ బీరువాలో పెట్టింది కూడా. నేను చూసినాను. కానీ నా మాట విన్నాక మేడం కళ్ళు అటూ ఇటూ తిరిగినాయి. జ్ఞాపకం తెచ్చుకోవడానికి చూసింది. "పెట్టలేదా నేను?" అని తనలో తాను అనుకుంది. తర్వాత కుర్చీలో కూర్చుండిపోయింది.

ఆ శనివారం గడిచి పది రోజులకు సరళక్క వచ్చింది. కుడి చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. కొంగుకు పిండి లేదు. రిజిస్టరు దగ్గర ఆగి, తన పేరు తానే రాయబోయి, చెయ్యి కుదరక వదిలేసి లోపలికి వచ్చింది.

"నా పుస్తకం ఇయ్యండి మేడం."

మేడం తీసి ఇచ్చింది.

"ఎవురికి చూపించినారు దీన్ని?"

"ఎవరికీ చూపించలేదు సరళా. మేజా మీద మరిచినాను. తప్పు నాదే."

"మరిచినారా?" సరళక్క గొంతు పెంచలేదు. "పదకొండు దినాలు మేడం. పదకొండే ఉండింది. ఏండ్లు ఓర్చుకున్నదాన్ని, ఆ పదకొండు దినాలు ఓర్చుకోలేనా? మీ బీరువా ఓర్చుకోలేకపాయె."

"పాప ఎక్కడుంది?" అని అడిగింది మేడం.

"బంగారపేటలో, వాళ్ళ పెద్దనాయన ఇంట్లో. ఆయనే పరీక్షకు పిల్చుకొని వచ్చి, ఆయనే పిల్చుకొని పోతా ఉండాడు. గేటు కాడ నిలబడినాను మేడం. నన్ను చూసి పాప తల తిప్పుకునింది. ఏమనిందో తెలుసా? నేను వాచీ పట్టుకునేది అందురికీ ఎందుకు చెప్పినావమ్మా, బడిలో పిల్లోళ్ళు నా చేతులు చూస్తా ఉండారు అనింది. నీతో రాను అనింది. దానికి నేనేం చెప్పాల? మీరే చెప్పండి, సదువుకున్నోళ్ళు కదా."

మేడం కుర్చీ ముందుకు జరిపింది. సరళక్క కూర్చోలేదు.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో జిగురు డబ్బా ఉంది. ఆ డబ్బా మూత పెట్టి, తీసి, పెట్టి, తీసినాను. చెప్పు, చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు. సరళక్క నా వైపు తిరిగింది.  ఆమె నా భుజం మీద ఎడమ చెయ్యి వేసింది.

"నువ్వు బాగా సదువుకో చెల్లీ. ఇట్లాంటోళ్ళను నమ్ముకొని ఈడ ఉండొద్దు."

అని వెళ్ళిపోయింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాతివి తొందరగా చెప్తాను. నిదానంగా చెప్పే ధైర్యం లేదు. సరళక్క ఒక్కతే బైరకూరు చేరింది. అన్న ఇంట్లో పట్టుపురుగులకు ఆకు వేస్తోందని, మణికట్టు వంకరగా అతుక్కుందని లాయరమ్మ ద్వారా తెలిసింది. పాప ఆమెను చూడటానికి రాలేదు. నాలుగేళ్ళు రాలేదని విన్నాను. ఆ తర్వాత సంగతి తెలియదు.

మాస్టరు? మూడు నెలలు మొహం చాటేసినాడు. ట్యూషన్‌కు కొందరు పిల్లలు మానేసినారు. పెళ్ళాం మతి స్థిమితం లేక ఏవేవో రాసిందని చెప్పుకున్నాడు. తర్వాత మళ్ళీ సభలు, మళ్ళీ మైకు. ఒకరోజు బజారులో వాడి మెడలో దండ చూసినాను. నేను ఆపుదామనుకున్న దండ. నా పగకు దొరికింది వాడి మూడు నెలలు. సరళక్కకు పోయింది పాప. ఈ బేరం చేసింది ఆమె కాదు, నేను. వాడి పేరు విన్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఇంకా ఏదైనా చెయ్యాలనిపిస్తుంది. అదే నన్ను భయపెడుతుంది. ఇంత జరిగినాక కూడా ఆ రగిలేది ఆరలేదంటే, అది ఎవరి న్యాయం కోసం రగిలింది? సరళక్క కోసమా? ఆమె కోసమే అయితే ఆమెను అడిగేదాన్ని కదా. అడిగి ఉంటే పదకొండు రోజులు ఆగమనేది.

మేడం సంగతి అన్నిటికంటే కష్టం. ఆమె తన జ్ఞాపకాన్ని నమ్మడం మానేసింది. ప్రతిదీ చీటీల మీద రాసుకోవడం మొదలుపెట్టింది. బీరువా తాళం వేసినాను, ఇన్ని గంటలకు. సొరుగు మూసినాను. ఆ చీటీలు ఆమె చీర కుచ్చిళ్ళలోంచి కూడా రాలిపడేవి. మతిమరుపు జబ్బేమో అని కోలారులో డాక్టరు దగ్గరికి పోయి పరీక్ష చేయించుకుంది. ఏమీ లేదన్నాడంట డాక్టరు. అయినా నమ్మలేదు. ఏ జబ్బూ లేని మనిషికి నేనే జబ్బు అంటించినాను. రిటైరయ్యే ముందు బీరువాలో ఉన్నవాళ్ళ కాగితాలన్నీ వాళ్ళకు తిరిగి ఇచ్చేసింది. "నా మాదిరి మరిచిపోయేవాళ్ళు ఈ పని చెయ్యకూడదు హుడుగీ" అంది. వెనక గదికి ఆడవాళ్ళు రావడం ఆగిపోయింది. ఎంతమందికి ఆ చోటు లేకుండా పోయిందో నాకు తెలియదు. ఆ నలభై నిమిషాలు కూడా లేకుండా ఎంతమంది ఉన్నారో.

నేను అదే లైబ్రరీలో ఉన్నాను. ఇప్పుడు తాళం నా దగ్గర ఉంది.

పోయిన నెల ఒకామె వచ్చింది. నా ఈడుదే. బాత్రూము తలుపు లోపల అంటించిన ఆ పాత కాగితం ఇంకా ఉంది, అది చూసి వచ్చిందంట. సంచిలోంచి ఒక కవరు తీసి, "ఈడ పెడితే ఎవురూ చూడరు కదక్కా?" అని అడిగింది.  చూడరు అంటే అబద్ధం చెప్పినట్టు. చూస్తారు అంటే ఆమెను వీధిలోకి తోసినట్టు. చివరికి కవరు తీసుకొని, ఆమె కళ్ళముందే అంటించి, అతికించిన చోట ఆమె చేత అడ్డంగా సంతకం చేయించి, బీరువాలో పెట్టి తాళం ఆమె చేతికిచ్చినాను. ఇంకొక తాళం లేదని చెప్పినాను. అది నిజం. ఆమె వెళ్ళినాక వెనక గదిలో కూర్చొని తెల్లకాగితాలు ముందు పెట్టుకున్నాను.

ఆ వారమే రెండు ఉత్తరాలు రాసినాను. ఒకటి బైరకూరుకు, ఒకటి కోలారుకు. మేడంకు రాసింది చిన్నది. మీరు మరిచిపోలేదు, శుక్రవారం పొద్దున బీరువాలో పెట్టి తాళం వేసినారు, నేను చూసినాను, తీసింది నేను అని. సరళక్కకు రాసింది పెద్దది. అందులో మూడుసార్లు "క్షమించు" అని రాసి మూడుసార్లూ కొట్టేసినాను. ఆమె దగ్గర ఇంకొకటి అడగడానికి నేనెవరు? పాపకు చూపించమని మాత్రం రాసినాను, చెప్పింది మీ అమ్మ కాదు అని తెలియాలి కదా. నవ్విన సంగతి కూడా రాసినాను. కింద నా పేరు, ఇంటి నంబరు. మీకు పేరు చెప్పడం లేదు, ఆమెకు చెప్పినాను.

పోస్టు చేసి మూడు వారాలయింది. రెండింటికీ జవాబు లేదు. రాకపోవచ్చు. ఎవరైనా వచ్చి తలుపు కొట్టవచ్చు. వస్తే తీస్తాను.

నిన్న మధ్యాహ్నం అమ్మకు చెప్పినాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మొదటి నుంచి చివరి దాకా చెప్పినాను. నాన్న గురించి అనుకున్నది కూడా. అమ్మ తిడుతుందనుకున్నాను, లేకపోతే ఏడుస్తుందనుకున్నాను.  చిక్కుడుకాయలు అట్లాగే ఒలుస్తూ పోయింది. తర్వాత ఒకే ఒకటి అడిగింది.

"ఆ పాప పేరేందే?"

మాస్టరు ఏ రంగు పెన్ను వాడతాడో నాకు తెలుసు. ఏ పేజీ ముందు తిప్పుతాడో తెలుసు. ఏడేళ్ళు వాడిని అంతగా మనసులో పెట్టుకున్నాను. నోటుబుక్కు నిండా సరళక్క పాప, పాప అనే రాసింది. నేను అట్లాగే చదివినాను, అట్లాగే ఎత్తి రాసినాను. ఆ పిల్లకొక పేరు ఉంటుందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

"తెలియదు" అన్నాను.

అమ్మ నా వైపు చూసి, మళ్ళీ చిక్కుడుకాయల మీదికి వంగింది.

రాయాల్సినవాటిలో అదొక్కటే మిగిలింది. అది కూడా రాసేసినాను. ఇంగ నా దగ్గర దాచింది ఏమీ లేదు.